‘ఎందుకు వెళ్ళింది?’ అని అడిగే హక్కు ఎవరికుంది?

2016 మార్చి 20, ఆదివారం. స్పెయిన్‌లోని వలెన్సియా నగరం నుంచి బార్సిలోనాకు విద్యార్థుల్ని తీసుకొస్తున్న ఒక బస్సు తెల్లవారుజామున ఆరు గంటల ప్రాంతంలో ఫ్రెజినాల్స్ అనే ఊరి దగ్గర అదుపు తప్పింది. రోడ్డు మధ్యనున్న అడ్డును దాటి అవతలివైపు దూసుకుపోయి, ఎదురుగా వస్తున్న కారును ఢీకొని పడిపోయింది. అందులో ఉన్నది ఎక్కువగా ఎరాస్మస్ పథకం కింద బార్సిలోనా విశ్వవిద్యాలయాల్లో కొన్ని నెలలు చదువుకోడానికి వచ్చిన వేరు వేరు దేశాల పిల్లలు. వలెన్సియాలో ఏటా మార్చిలో జరిగే ఫాలస్ ఉత్సవం చివరి రాత్రి చూడటానికి అంతకు ముందురోజు శనివారం బయల్దేరారు. బొమ్మల దహనం చూశారు. గది తీసుకోకుండా ఆ రాత్రే తిరుగు ప్రయాణమయ్యారు. పదమూడు మంది చనిపోయారు. ఏడుగురు ఇటలీ వాళ్ళు, ఇద్దరు జర్మనీ వాళ్ళు, ఫ్రాన్స్, రొమేనియా, ఆస్ట్రియా, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి ఒక్కొక్కరు.

పదమూడుగురూ ఆడపిల్లలే.

ఈ వార్తను మన ఊళ్ళో, మన ఇళ్ళలో చదివితే ముందుగా వచ్చే మాట ఏమిటో మనకు తెలుసు. ‘చదువుకోడానికి పంపితే షికార్లేమిటి?’ ‘ఏం కొంప మునిగిందని రాత్రిపూట బస్సెక్కింది?’ ‘ఆడపిల్లను అంత దూరం పంపడమే తప్పు.’ ఈ మాటలు జాలితోనే అంటారు. కన్నీళ్ళతో కూడా అంటారు. కాని వాటి పని మాత్రం ఒకటే. బస్సు నడిపించిన కంపెనీని, పర్యటన ఏర్పాటు చేసిన సంఘాన్ని, పిల్లల్ని చేర్చుకున్న విశ్వవిద్యాలయాన్ని, రోడ్డు రవాణాపై అజమాయిషీ ఉన్న ప్రభుత్వాన్ని, అందర్నీ వదిలేసి, సీట్లో నిద్రపోతూ చనిపోయిన అమ్మాయిని బోనులో నిలబెట్టడం.

ఇవాళ మన తెలుగు ఇళ్ళ నుంచి వేలాదిమంది ఆడపిల్లలు చదువుకోసం ఇతర దేశాలకు వెళ్తున్నారు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్పులతో వెళ్ళేవాళ్ళున్నారు. అంతకంటే ఎక్కువమంది అప్పు చేసి వెళ్తున్నారు. వాళ్ళందరూ అక్కడ ఏదో ఒక శని, ఆదివారాల్లో, పదిమంది కలిసి, ఉన్నంతలో అతి తక్కువ ఖర్చుతో పక్క ఊరికో పక్క దేశానికో వెళ్తారు. వెళ్ళాలి కూడా. కాబట్టి ఇది ఎక్కడో స్పెయిన్‌లో జరిగిన ప్రమాదం అని పక్కన పెట్టే విషయం కాదు. ‘ఎందుకు వెళ్ళింది’ అన్న ప్రశ్నను మన ఇళ్ళలోనూ మన సంఘాల్లోనూ ఎదుర్కోవలసిన అవసరం మనకే ఉంది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఇంకొక దేశంలో చదవడమంటే తరగతి గదిలో కూర్చోవడం ఒక్కటే కాదు. ఎరాస్మస్ పథకం పుట్టిందే ఒక స్త్రీకి జరిగిన అవమానం నుంచి. ఇటలీకి చెందిన సోఫియా కొరాది అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో పై చదువు పూర్తిచేసి 1958లో రోముకు తిరిగొచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయం ఆ చదువును లెక్కలోకి తీసుకోనంది. బయట తిరిగొచ్చిన ఆడపిల్ల చదువు చదువే కాదన్నట్టు మాట్లాడింది. ఆమె ఊరుకోలేదు. ఒక దేశంలో చదివిన చదువును ఇంకొక దేశం గుర్తించి తీరాలని దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది, పత్రాలు రాసింది, వాదించింది. 1987లో పథకం మొదలైంది. ఆ మొదటి ఏడాది వెళ్ళిన విద్యార్థులు 3,244 మంది. తర్వాత లక్షల్లోకి పెరిగారు. 2025 అక్టోబరులో చనిపోయేదాకా ఆమెను అక్కడి పిల్లలు ‘ఎరాస్మస్ అమ్మ’ అనే పిలిచారు. గడప దాటి లోకం చూడటం చదువులో భాగమేనని ఒక స్త్రీ పట్టుబట్టి సాధించిన హక్కు ఇది. ఆ హక్కును వాడుకుంటూ చనిపోయిన పదమూడుమందిని ‘షికారుకు వెళ్ళారు’ అని అనడం వాళ్ళను రెండోసారి చంపడమే.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. ఎందుకంటే ఈ కథలో అసలు నిందితుడు అక్కడే దాక్కుని ఉన్నాడు.

జర్మనీకి చదువుకోడానికి వెళ్ళే విద్యార్థిని ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్మును ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరులో పెంచిన లెక్క ప్రకారం అది 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున మాత్రమే చేతికిస్తారు. అద్దె, తిండి, ఆరోగ్య బీమా, పుస్తకాలు, ఫోను అన్నీ అందులోనే. మన పిల్లల విషయంలో ఆ సొమ్ము వెనక తాకట్టు పెట్టిన పొలమో, బ్యాంకులో పెట్టిన అమ్మ నగలో ఉంటాయి. వాళ్ళ దగ్గరుండే అనుమతి పత్రంతో వేరే వీసా లేకుండానే షెంగెన్ ఒప్పందంలోని ఇతర దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగవచ్చు. చట్టం తలుపు తెరిచింది. చేతిలో డబ్బు మాత్రం లేదు.

అప్పుడేం చేస్తారు? ఖర్చు తగ్గించుకుంటారు. తిండి తగ్గించుకోవచ్చు. ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోవచ్చు. మ్యూజియం ఉచితంగా ఉండే రోజు చూసుకుని వెళ్ళొచ్చు. కాని వీటన్నిటికంటే పెద్ద ఖర్చు రాత్రి బస. దాన్ని తప్పించుకోడానికి ఒకటే దారి ఉంది. రాత్రిపూట ప్రయాణం చేయడం. బస్సు సీటే మంచమవుతుంది. రెండు రాత్రులు బస్సులో గడిపితే రెండు రాత్రుల గది అద్దె మిగిలినట్టే. చౌక పర్యటనలు అమ్మేవాళ్ళందరికీ ఈ లెక్క తెలుసు. టికెట్టు ధర తగ్గడానికి కారణం ఎవరి దయా కాదు. తగ్గించింది నిద్రను.

ఎవరి నిద్రను? విద్యార్థి నిద్ర ఒక్కటే అయితే మర్నాడు తరగతిలో తూగుతుంది, అంతటితో పోతుంది. కాని ఆ బస్సులో నిద్ర లేనివాడు ఇంకొకడున్నాడు. వాడి చేతిలో స్టీరింగు ఉంది.

ఫ్రెజినాల్స్ బస్సును నడిపిన మనిషి వయసు 63 ఏళ్ళు. అతను కునుకు తీశాడన్నదే మొదటి నుంచీ వినిపించిన ప్రధానమైన అనుమానం. యూరప్‌లో డ్రైవర్ల పని గంటలకు 2006 నుంచి గట్టి చట్టమే ఉంది. నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం పది గంటల వరకు నడపొచ్చు. రోజుకు పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి, అదీ కొన్ని సందర్భాల్లో తొమ్మిదికి తగ్గించవచ్చు. కాగితం మీద ఇదంతా బాగుంది. కాని చట్టం గంటల్ని లెక్కపెడుతుంది, నిద్రను లెక్కపెట్టదు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు బండి తీయవలసిన మనిషి పగలంతా ఎక్కడ పడుకున్నాడు? ఊరంతా బాణసంచా మోగుతుంటే కన్ను మూతపడిందా? పడుకోడానికి గదికి డబ్బు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నలు టికెట్టు కొనే పిల్లలకు తట్టవు. తట్టవలసింది టికెట్టు అమ్మేవాళ్ళకు. వాళ్ళు అడగరు, ఎందుకంటే జవాబుకు ఖర్చవుతుంది.

డ్రైవరు మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అతనూ కూలికి పనిచేసేవాడే. శ్రామికుడి నిద్రను మిగులుగా మార్చుకునే వ్యాపారం ఒకవైపు, ఆడపిల్ల ప్రాణాన్ని ఆమె ‘తిరుగుడు’కు శిక్షగా చూసే సమాజం మరొకవైపు. ఈ రెండూ ఒకదానికొకటి ఎంత బాగా ఉపయోగపడతాయో గమనించండి. తప్పంతా పిల్లదే అయితే కంపెనీని అడిగేవాళ్ళుండరు.

స్పెయిన్‌లో జరిగిందీ అదే. కేసును ఒకసారి కాదు, ఒకటికంటే ఎక్కువసార్లు మూసేశారు. కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లిదండ్రులు భాష రాని దేశంలో లాయర్లను పెట్టుకుని, పై కోర్టుకు వెళ్ళి దాన్ని మళ్ళీ మళ్ళీ తెరిపించారు. ‘మా పిల్ల ఎందుకు వెళ్ళింది’ అని వాళ్ళు తలలు వంచుకుని కూర్చోలేదు. ‘మా పిల్లను ఎక్కించుకున్నది ఎవరు’ అని అడిగారు. మనం నేర్చుకోవలసింది వాళ్ళ దగ్గర.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో ఎవరూ మరిచిపోలేదు. హైదరాబాదు నుంచి స్టడీ టూరుకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలో రాళ్ళ మీద నిలబడి ఉండగా లార్జి డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వెంట వెళ్ళిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లో మనవాళ్ళలో చాలామంది నోటివెంట వచ్చిన మాట ఏమిటి? ‘ఫోటోల పిచ్చి.’ కాని 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఆ మాట అనలేదు. ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం వాటాలుగా మొయ్యాలంది. పిల్లల్ని తీసుకువెళ్ళిన సంస్థకూ, నీళ్ళు వదిలిన సంస్థకూ, పట్టించుకోని సర్కారుకూ బాధ్యత ఉందని కోర్టు చెప్పింది. మన వీధి అరుగుల మీద మాత్రం ఆ తీర్పు ఇంకా రాలేదు.

ఇక ‘ఆడపిల్లను పంపకపోతే గొడవే లేదు’ అనే వాళ్ళ సంగతి. ఈ వాదనకు విదేశమూ స్వదేశమూ తేడా లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. మొదలైన మర్నాటి నుంచే ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు’ అనే వెక్కిరింతలు విన్నాం. కూతురి ఇంటికి వెళ్ళే తల్లి, ఆస్పత్రికి వెళ్ళే ముసలమ్మ, గుడికి వెళ్ళే నలుగురు స్నేహితురాళ్ళు, అందరూ ‘తిరిగేవాళ్ళే’. మగవాడు బస్సెక్కితే ప్రయాణం, ఆడది ఎక్కితే తిరుగుడు. బార్సిలోనాలో చదువుకునే అమ్మాయిని వలెన్సియాకు ఎందుకు వెళ్ళావని అడిగేవాడూ, మంచిర్యాల నుంచి యాదగిరిగుట్టకు ఎందుకు వెళ్ళావని అడిగేవాడూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

అంతేకాదు, పంపకపోవడం వల్ల ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. ఇంట్లో ఒప్పుకోరని తెలిసిన అమ్మాయి వెళ్ళడం మానదు, చెప్పడం మానేస్తుంది. ‘లైబ్రరీలో ఉన్నానమ్మా, ఫోను సైలెంటులో ఉంటుంది’ అంటుంది. ఎక్కిన బస్సు పేరు ఇంట్లో తెలియదు. వెంట ఎవరున్నారో తెలియదు. ఆ గుంపులో ఒకడు చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుంటే ముందు ‘నువ్వక్కడికి ఎందుకు వెళ్ళావు’ అన్న ప్రశ్నకు జవాబివ్వాలి. అర్ధరాత్రి తెలియని ఊళ్ళో పర్సు పోతే నాన్నకు ఫోను చేయడానికి భయం. ఆ భయాన్ని పెంచింది మనం. కాపాడుతున్నామనుకుంటూ ఆపదలో ఆమెను ఒంటరిని చేస్తున్నాం.

ఇప్పుడు ఆ పదిమంది గుంపులోకే వెళ్దాం. అక్కడ అందరూ విద్యార్థులే, అందరూ చదువుకున్నవాళ్ళే, ఖర్చు సమానంగా పంచుకుంటారు. సమానమేనా? చౌక హాస్టళ్ళలో ఆడా మగా కలిసి పడుకునే పెద్ద గదిలో మంచం ధర తక్కువ. ఆడవాళ్ళకు మాత్రమే ఉండే గది చాలా చోట్ల అంతకంటే ఎక్కువ. ఆ తేడా ఎవరు కడుతున్నారు? అమ్మాయే కడుతోంది, లేదా కట్టలేక రాత్రంతా మేలుకుని ఉంటోంది. అర్ధరాత్రి స్టేషనులో దిగి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్దామంటాడు అబ్బాయి. టాక్సీ కావాలన్నందుకు ‘బడ్జెట్ పాడుచేస్తున్నావు’ అనిపించుకుంటుంది అమ్మాయి. మూత్రవిసర్జనకు డబ్బు కట్టవలసిన ఊళ్ళలో, నెలసరి రోజుల్లో, ఆమె ఖర్చు వేరు. శుక్రవారం రాత్రి పదిమందికీ పులిహోర కలిపేది ఎవరు? వంటగది ఉన్న బస దొరికితే అందులో అన్నం వండేది ఎవరు? సముద్రాలు దాటినా గరిటె చేతులు మారలేదు. అబ్బాయిలకు చౌకగా పడిన ప్రయాణంలో కొంత ఖర్చు అమ్మాయిల భయంగానూ, అమ్మాయిల చాకిరీగానూ చెల్లించబడుతోంది. ఆ పద్దు ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది నిజాయితీగల అభ్యంతరమే. ‘ఇద్దరు డ్రైవర్లు కావాలి, రాత్రి బస కావాలి అంటే టికెట్టు ధర పెరుగుతుంది. అప్పుడు డబ్బున్న పిల్లలే వెళ్తారు. బీదపిల్ల గదిలోనే కూర్చుంటుంది. మీరు చేసేదీ పంపకపోవడమే కదా?’ అని అడగవచ్చు. పర్యటనలు ఏర్పాటు చేసేది చాలాసార్లు జీతం తీసుకోని విద్యార్థులే, వాళ్ళ మీద ఇంత భారం ఎలా వేస్తారు అని కూడా అడగవచ్చు.

దీనికి జవాబు ఉంది. చౌక రెండు రకాలు. పనిచేసేవాడి నిద్రను, ప్రయాణం చేసేదాని భద్రతను కోసి ధర తగ్గించడం ఒక రకం. సమాజం మొత్తం కలిసి ఖర్చు మోసి ధర తగ్గించడం ఇంకొక రకం. జర్మనీలో 2023 మే నుంచి ఒకే నెలవారీ టికెట్టుతో దేశమంతటా ప్రాంతీయ రైళ్ళలోనూ ఊరి బస్సుల్లోనూ ప్రయాణం చేయవచ్చు. మొదట దాని ధర 49 యూరోలు, 2026 జనవరి నుంచి 63. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు అది ఆ ధరలో 60 శాతానికే వస్తుంది. అది వేగంగా వెళ్ళే రైళ్ళకు పనికిరాదు, గమ్యం చేరడానికి గంటలు ఎక్కువ పడతాయి. అయినా ఆ చౌకదనానికి ఏ డ్రైవరూ నిద్ర పోగొట్టుకోనక్కరలేదు. ప్రభుత్వం భరిస్తోంది. మన ఉచిత బస్సు కూడా ఈ రెండో రకమే. కాబట్టి బీదపిల్ల వెళ్ళడానికి మనం అడగవలసింది ఇంకా చౌకైన ప్రైవేటు బస్సును కాదు. ప్రజా రవాణాను. మొదటి రకం చౌక ఎక్కడికి తీసుకుపోతుందో మన రోడ్లకూ తెలుసు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు బస్సు తగలబడి 45 మంది సజీవ దహనమయ్యారు. వాళ్ళనూ రాత్రిపూట ఎందుకెక్కారని అడుగుదామా?

జీతం లేని విద్యార్థుల మీద భారం వేయమని మనం అనడం లేదు. విశ్వవిద్యాలయాల మీద వేయమంటున్నాం. ‘మా దగ్గరికి రండి, యూరప్ అంతా మీ తరగతి గదే’ అని పుస్తకాల్లో రంగు బొమ్మలు వేసి పిల్లల్ని పిలిచేది విశ్వవిద్యాలయమే. ఫీజు తీసుకునేటప్పుడు పర్యటన చదువులో భాగం, ప్రమాదం జరిగినప్పుడు అది పిల్లల సొంత వ్యవహారం. ఈ రెండు నాలుకల మాట చెల్లదు.

అందువల్ల మన సంఘాలు ఈ కింది విషయాల మీద పనిచేయాలని ప్రతిపాదిస్తున్నాను.

1. విశ్వవిద్యాలయం పేరుతోగాని, దాని ఆవరణలో పనిచేసే విద్యార్థి సంఘం పేరుతోగాని ఏర్పాటయ్యే ప్రతి పర్యటనకూ బాధ్యులెవరో కాగితం మీద ఉండాలి. బస్సు ఎవరిది, డ్రైవర్లు ఎందరు, బీమా ఏమిటి అన్నవి టికెట్టు కొనేముందే తెలియాలి.

2. రాత్రంతా నడిచే బస్సుకు ఇద్దరు డ్రైవర్లుండాలి. ఒకరే ఉంటే అతను పడుకోడానికి మంచం ఖర్చు పర్యటన ఖర్చులో చేరాలి. పిల్లలు దీన్ని అడిగి తెలుసుకోవాలి. ఇది దయ కాదు, డ్రైవరు హక్కు, మన ప్రాణం.

3. సీటు బెల్టు ఉన్న బస్సులో దాన్ని పెట్టుకుని తీరాలని యూరప్ చట్టం 2003లోనే చెప్పింది. నిద్రపోయేటప్పుడూ పెట్టుకోవాలని చెప్పేవాళ్ళు ప్రతి బస్సులో ఉండాలి.

4. భద్రతకయ్యే ఖర్చు గుంపు మొత్తానిది. ఆడపిల్లల గదికి అయ్యే తేడా, అర్ధరాత్రి టాక్సీ, ఇవి అందరూ పంచుకోవాలి. వంటా అందరిదే.

5. పిల్లలు విదేశం వెళ్ళేముందు మన ఊళ్ళలో సలహాలిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవకాయ ఎలా సర్దుకోవాలో కూడా చెబుతారు. యూరప్ దేశాల్లో ఎక్కడున్నా ఆపదలో 112కు ఫోను చేయవచ్చని, బీమా కాగితం వెంట ఉంచుకోవాలని, మన రాయబార కార్యాలయం నెంబరు రాసుకోవాలని, గుంపులో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ పని మన సంఘాలు చేపట్టాలి. ఆ సమావేశాలకు తల్లిదండ్రుల్ని కూడా పిలవాలి. వాళ్ళతో ఒక్క మాట ఒప్పించగలిగితే చాలు: ‘ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్ళు. చెప్పినందుకు తిట్టం.’

పెళ్ళి కాకుండా ఒంటరిగా వెళ్ళకూడదు, చీకటి పడ్డాక వెళ్ళకూడదు, మగపిల్లలతో వెళ్ళకూడదు, ఖర్చు పెట్టుకుని వెళ్ళకూడదు. ఇలా ‘వెళ్ళకూడదు’లన్నీ తీసేస్తే ఆడపిల్లకు మిగిలే లోకం ఎంత? మన తల్లులకు పుట్టింటికీ అత్తింటికీ మధ్య దారి ఒక్కటే తెలుసు. ఆ దారిలో కూడా ఎవరో ఒకరు తోడు రావలసి వచ్చేది. వాళ్ళ మనవరాళ్ళు ఇవాళ పటం చూసుకుంటూ భాష రాని ఊళ్ళో సొంతంగా దారి వెతుక్కుంటున్నారు. దీని కోసమే కదా మనం ఇన్నేళ్ళు పోరాడింది?

రేపు ఏ ప్రమాద వార్త విన్నా ‘ఎందుకు వెళ్ళింది’ అని ఎవరైనా అంటే మనం ఊరుకోకూడదు. ఎదురు ప్రశ్న వెంటనే అడగాలి. బస్సు ఎవరిది? డ్రైవరు ఎన్ని గంటల నుంచి మేలుకుని ఉన్నాడు? టికెట్టులో మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోయింది? పిల్లల్ని చేర్చుకున్న సంస్థ ఏం చేసింది? ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టేదాకా వదలకుండా అడుగుదాం. మన పిల్లలు మాత్రం వెళ్తూనే ఉంటారు. వెళ్ళనిద్దాం. క్షేమంగా తిరిగొచ్చే ఏర్పాటు చేయమని చేయవలసినవాళ్ళను నిలదీద్దాం.